తక్కువ కొలతలతో తీసిన ఫోటో

నాకు భయం పుడితే ముందు కోపం వస్తాది. ఈ సంగతి మా ఇంట్లో వాళ్ళకీ తెలుసు, కోవూరులో నా కుట్టు షాపుకొచ్చే ఆడోళ్ళకీ తెలుసు. కుడి డొక్క కింద కొన్నాళ్ళుగా బరువుగా ఉంటే గ్యాసేలే అని సోడాలు తాగినాను, వాము నమిలినాను. చివరికి మా ఆయన పోరు పడలేక స్కానింగుకి పోయినాను. కడుపు మీద చల్లటి జెల్లు పూసి అటూ ఇటూ రుద్దతా ఉన్న డాక్టరమ్మ ఒక చోట ఆగింది. పక్కకు పోయింది. మళ్ళీ ఆ చోటికే వచ్చింది. "ఏందమ్మా అక్కడ్నే రుద్దతా ఉండావు, మిగతా కడుపు నాది కాదా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

కాలేయంలో ఒక నీడ ఉండాదంట. రక్తనాళాల ముద్ద అయితే భయం లేదు, చాలామందికి ఉంటాది, చచ్చేదాకా దాని మానాన అది పడుంటాది. అది కాకపోతే వేరే మాట. ఏదో తేలాలంటే నెల్లూరు పోయి ఎమ్మారై తీయించుకోవాలి. వేరే మాటంటే ఏందని నేను అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మా నాయన పోయింది కాలేయంతోనే. పచ్చబడిన ఆయన కళ్ళనీ, ఉబ్బిపోయి అంగీ గుండీలు పట్టని ఆయన కడుపునీ చూసినదాన్ని. నాకు ఒకరు విడమర్చి చెప్పాల్సిన పన్లేదు.

ఎమ్మారైకి మా అక్క తోడొచ్చింది. చిట్టమూరు అవతల, పులికాట్ ఒడ్డున, మేం పుట్టిన ఊర్లోనే ఉంటాది అక్క. కబురు తెలియంగానే మొదటి బస్సుకే దిగింది. మా ఆయన కూడా వచ్చినాడు గానీ, ఆయన సూది మందు చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి. ఆయన్ని బయట వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళ బాటిల్ చేతికిచ్చి, "నువ్వు పడిపోతే నిన్ను మోసేదానికి నేను లేచి రావాల, కదలకుండా కూర్చో" అని చెప్పి లోపలికి పోయినాం.

ఇనప ముక్క ఒంటి మీద ఉండకూడదన్నారు. గాజులు, మెట్టెలు, తాళి, కమ్మలు అన్నీ తీసి అక్క కొంగులో ముడేసుకుంది. ఆస్పత్రి గౌను తొడుక్కున్నాను. ఇంక పోదామనుకుంటా ఉంటే అక్క నా కొప్పు పట్టుకొని లాగింది. చూస్తే కొప్పులో సూది. కుట్టేటప్పుడు దారం సూదిని కొప్పులో గుచ్చుకోవడం నాకు ఎప్పట్నుంచో అలవాటు, అది నాకు నగ కాదు, ఇనుమూ కాదు, నా ఒంట్లో ఒక ముక్క. మిషన్ నడిపే అబ్బాయి ఆ సూదిని చూసి మొహం మాడ్చుకున్నాడు. ఇది లోపలికి వచ్చుంటే కంట్లోకే ఎగిరేదమ్మా అన్నాడు. రోగం సంగతి తేలకముందే ఒక గండం గడిచిందని అక్క దండం పెట్టుకుంది.

లోపల పడుకోబెట్టి, కడుపు మీద ఒక పలక లాంటిది కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఆ గొట్టంలోకి తోసినారు. కళ్ళు తెరిస్తే మూరెడు దూరంలో పైకప్పు. వెంటనే మూసుకున్నాను. గొట్టం డబడబా వాయిస్తా ఉంటే మధ్యలో ఆ అబ్బాయి గొంతు వినపడతాది. "గాలి పీల్చండి. ఆపండి." నేను ఆపినాను. బాగానే ఆపినాను. ఊపిరి ఆపడంలో నాకు ఎవరూ సాటి రారు, చిన్నప్పట్నుంచీ అది నా గొప్ప. "వదలండి" అన్నాడు. వదిలినాను. ఇదేనా, దీనికా ఇంత భయపడింది అనుకున్నాను.

"అమ్మా, కదులుతున్నారు" అన్నాడు చెవిలో.

"నేనా? కదల్లేదు నాయనా. రాయి మాదిరి పడుకొని ఉండా."

"కదిలారమ్మా. ఫోటో అలికేసినట్టు వచ్చింది. ఇంకోసారి చేద్దాం."

మళ్ళీ పీల్చినాను, మళ్ళీ ఆపినాను. మళ్ళీ అదే మాట. మూడోసారికి నాకు ఒళ్ళు మండింది. నీ మిషన్ చెడిపోయి నా మీద పెడతా ఉండావా అని గొట్టంలోంచే అరిచినాను. ఆ అబ్బాయి లోపలికొచ్చి, నా చేతులు రెండూ పక్కలకు పెట్టి పట్టీలు వేసినాడు. మళ్ళీ తీసి, ఈసారి చేతులు కాదమ్మా, భుజాలు తిరుగుతున్నాయి అన్నాడు. అప్పుడు పోయింది నా కోపం. ఒట్టేసి చెప్తా ఉండా, నేను కదల్లేదు. నాకు తెలిసి నా ఒంట్లో వేలు కూడా ఆడలేదు. మరి కదిలింది ఎవరు? నాకు తెలియకుండా నా చేతులు కదులుతా ఉంటే, ఇది కాలేయంతో ఆగిన రోగం కాదు, తలకెక్కిందని అనుకున్నాను. ఆ గొట్టంలో పడుకొని ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి, తుడుచుకునేదానికి చేతులు ఉండవు.

ఇంక లాభం లేదని, ఫోటో తేటగా పడేదానికి నరంలోకి ఎక్కించాల్సిన మందు కూడా ఎక్కించకుండానే బయటికి లాగినారు. అక్క అద్దం అవతల నిలబడి అంతా చూసింది. దాని మొహం ఒక రకంగా ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం.

"మే, నువ్వు లోపల రొయ్యలు పడతా ఉండావే" అన్నది.

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమైనాక నా చేతుల వైపు చూసుకున్నాను.

మా ఊర్లో ఆడోళ్ళు వల లేకుండా చేతుల్తోనే రొయ్యలు పడతారు. నడుం లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద పాకతా పోతారు. నోట్లో తాటాకు బుట్ట కరిచిపట్టుకుంటారు. చేతులు రెండూ అడుగున బురదలో తడుముకుంటా పోతాయి. రొయ్య తగిలితే పట్టి బుట్టలో వెయ్యడమే. కొంచెం లోతైన చోట మొహం కూడా నీళ్ళలో ముంచాల. అప్పుడు కళ్ళు మూసుకొని ఊపిరి ఆపి, ఆ ఆపినంత సేపు గబగబా తడమాల. నేనూ అక్కా పావడాలు కట్టుకునే వయసు నుంచి అమ్మ వెనకాలే పాకినాం. మునిగినప్పుడు మా చేతులు ఊరికే ఉంటే అమ్మ నీళ్ళలోనే నెత్తిన మొట్టేది. ఊపిరి ఆపింది దేనికే, దండగ చేసేదానికా అనేది. ఆపిన ఊపిరి ఊరికే పోకూడదు, అదీ మా అమ్మ లెక్క.

పెళ్ళై కోవూరు వచ్చి మిషన్ కుట్టు నేర్చుకున్నాక నేను నీళ్ళలోకి దిగిందే లేదు. పులికాట్ సంగతి నా తల మర్చిపోయింది. చేతులు మర్చిపోలేదు. కళ్ళు మూసి పడుకోబెట్టి ఊపిరి ఆపమంటే, అవి వాటి పనిలోకి అవి దిగినాయి. తలకెక్కిన రోగం కాదని తెలిసి కొంచెం ప్రాణం కుదుటపడింది. కానీ ఆ సంతోషం ఎంతసేపు?

నెల్లూరు డాక్టరు ఆ అలికిన ఫోటోలు చూసినాడు. ఉండే నీడ ఒకటే, ఫోటోలో రెండుగా కనపడతా ఉంది, దెయ్యం మాదిరి ఒకదాని పక్కన ఇంకొకటి. అంచు ఎక్కడో తెలియడం లేదు. "దీన్ని బట్టి మంచిదనీ చెప్పలేను, చెడ్డదనీ చెప్పలేను. మళ్ళీ తీయాలి" అన్నాడు.

ఇంటికొచ్చి అభ్యాసం మొదలుపెట్టినాను. మంచం మీద వెల్లకిలా పడుకొని కళ్ళు మూసి ఊపిరి ఆపేది, అక్క పక్కన కూర్చొని చూసేది. కూర్చొని ఆపితే చేతులు కదలవు. పడుకొని ఆపితే, మొదట్లో బాగానే ఉంటాయి, కొంచెం సేపయ్యాక వేళ్ళు మెల్లగా దుప్పటిని దువ్వడం మొదలుపెడతాయి. అక్క "అదుగో" అంటాది. నాకు తెలియనే తెలియదు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, వీధిలోకి పోతాడు. రాను రాను నాకు నా చేతులంటేనే భయం పట్టుకుంది. గుడ్డ కోసేటప్పుడు కత్తెర పట్టుకున్న చేతిని అనుమానంగా చూసుకునేదాన్ని.

ఆ మిషన్ అబ్బాయే ఫోన్ చేసినాడు. ఆ రోజు నేను తిట్టిన తిట్లకి ఇంకొకడైతే నా నంబరు చెరిపేసి ఉంటాడు. నెల్లూర్లోనే వేరే చోట కొత్త మిషన్ ఉందంట. తొందరగా తీసే పద్ధతి అందులో ఉందంట, దాని పేరు కంప్రెస్డ్ సెన్సింగ్ అంట. ఊపిరి ఎక్కువసేపు ఆపక్కర్లేదు, కొన్ని ఫోటోలకైతే మామూలుగా గాలి పీలుస్తా ఉన్నా చాలు.

"తొందరగా ఎట్టా తీస్తాది నాయనా, గట్టిగా తిప్పుతారా?" అన్నాను.

"తిప్పడం కాదమ్మా. తక్కువ కొలుస్తుంది. మామూలుగా తీసుకోవాల్సిన కొలతల్లో అక్కడొకటి ఇక్కడొకటి తీసుకుని మిగతావి వదిలేస్తుంది. వదిలేసినవి కంప్యూటర్ లెక్కగట్టి పూరిస్తుంది."

కొలతలంటే ఏందో నాకు తెలుసు. షాపులోకి నడిచొచ్చే మనిషిని చూడంగానే నాకు సగం కొలతలు తెలిసిపోతాయి. ఛాతీ, నడుము, భుజం, పొడుగు టేపుతో పట్టుకుంటే చాలు, చంక ఎంత, మెడ ఎంత అనేది నా చెయ్యే కోసుకుంటా పోతాది. మనుషులు చాలావరకు ఒకే తీరున ఉంటారు కాబట్టి అట్టా కోసినా సరిపోతాది. కానీ ఒక భుజం దిగిన మనిషి ఉంటాది. ఒక పక్క రొమ్ము తీసేసిన మనిషి ఉంటాది. అట్టాంటి మనిషికి నాలుగు కొలతలు తీసి మిగతాది లెక్క ప్రకారం కోస్తే ఏమవుతాది? రెండు పక్కలా సమానంగా, చక్కగా, అబద్ధంగా వస్తాది జాకెట్టు. నా కాలేయానికీ అదే పని చేస్తే? అందరి కాలేయాల మాదిరి నున్నగా పూరించేసి, నాలో ఉన్న ఆ ఒక్క తేడా ముక్కని సర్దేస్తే? ఫోటో బ్రహ్మాండంగా ఉంటాది, నేను ఉండను.

ఇదంతా ఆ అబ్బాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు.

"కాలేయం ఎలా ఉంటుందో దానికి తెలీదమ్మా. ఫోటో అనేది ఎలా ఉంటుందో మాత్రమే తెలుసు. ఏ ఫోటోలో అయినా చాలాచోట్ల పక్కపక్కన ఒకే రంగు ఉంటుంది, మారేది అంచుల దగ్గరే. కొలిచిన వాటన్నిటికీ సరిపోయే ఫోటోలు ఎన్నో ఉండొచ్చు. వాటిలో అన్నిటికన్నా సాదాగా ఉండేదాన్ని అది తీసుకుంటుంది. కొలిచినదానికి మాత్రం మాట తప్పదు."

"సాదాగా ఉండేదా? రోగం సాదాగా ఉంటాదా?"

"ఇంకోటి కూడా వినండి. మీ టేపు ఒక్కసారి పెడితే ఒక్క చోటే కొలుస్తుంది. ఈ మిషన్ తీసే ఒక్కో కొలతలో మొత్తం కడుపు కొంచెం కొంచెం ఉంటుంది. ఒక కొలత వదిలేస్తే కాలేయంలో ఒక ముక్క పోవడం జరగదు. ఫోటో అంతటా కాస్త గరుకు వస్తుంది, అంతే. ఆ గరుకునే కంప్యూటర్ శుభ్రం చేస్తుంది. వరసగా ఒకటి విడిచి ఒకటి వదిలేస్తే మాత్రం ఫోటో మీద ఫోటో మడత పడుతుంది. అందుకే వరస లేకుండా చెల్లాచెదురుగా వదులుతారు."

అర్థమైనట్టే ఉంది. నా టేపు వేరు, దాని టేపు వేరు. అయినా నా నోరు ఊరుకోదు గదా. "అయితే ఏమీ పోదని రాసిస్తావా?" అన్నాను.

"మరీ చిన్నది, మరీ మసకగా ఉండేది అయితే ఆ శుభ్రం చేయడంలో నున్నగా అయిపోవచ్చమ్మా. అందుకే మరీ తక్కువ కొలవం" అన్నాడు. అబద్ధమాడి ఉంటే బాగుండేది. నిజం చెప్పేవాళ్ళని చూస్తే నాకు గౌరవమే గానీ, ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేసి అక్క ఒళ్ళో తల పెట్టుకొని ఏడ్చినాను. నాది చిన్నదో పెద్దదో, మసకదో స్పష్టమైనదో నాకు తెలియదు గదా. అది తెలుసుకునేదానికే గదా పోవాల్సింది.

పోకుండా మానేద్దామని కూడా అనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "నాయన కూడా ఇట్టానే రేపు మాపు అన్నాడు" అన్నది, అంతే. సరే పోదాం అన్నాను. స్కానింగు రోజు దాకా షాపు తెరిచి కూర్చున్నా గానీ పని సాగలేదు. జాకెట్టు కుట్టించుకునేదానికి వచ్చిన ఒకామెకు తీసిన కొలతే మళ్ళీ తీసినాను, చంక చుట్టూ, మెడ చుట్టూ, ఎవరూ తీయించుకోని చోట్ల కూడా. "ఏందక్కా, జాకెట్టు కుడతా ఉండావా, చర్మం కుడతా ఉండావా?" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొత్త మిషన్ గొట్టం కొంచెం వెడల్పు. భయం మాత్రం అంతే. ఈసారి చేతికి సూది గుచ్చి ఉంచినారు, మధ్యలో మందు ఎక్కించేదానికి. కొప్పు విప్పి జుట్టంతా అక్కే వేళ్ళు పెట్టి వెతికింది. లోపల నడిపించేది ఇంకో అమ్మాయి. "ఆపండి" అన్నది. ఆపినాను. ప్రాణమంతా చేతుల్లో పెట్టుకొని కనిపెట్టుకొని ఉన్నాను, ఇప్పుడు కదులుతాయి, ఇప్పుడు కదులుతాయి అని. అవి నీళ్ళలోకి దిగకముందే "వదలండి" అన్నది. ఆ తర్వాత మామూలుగా గాలి పీలుస్తా పడుకోమన్నది. చెయ్యి వెంట చల్లగా మందు ఎక్కింది. డబడబ శబ్దం, తర్వాత సన్నగా ఒక కూత, మళ్ళీ డబడబ. అంతలోనే బల్ల బయటికి జరిగింది.

"ఇంతేనా?" అన్నాను.

"అయిపోయిందమ్మా. బాగా సహకరించారు."

ఆ మెచ్చుకోలు నాకు ఎక్కలేదు. ఇంతసేపట్లో ఏం చూసి ఉంటారు? సగం కూడా కొలిచి ఉండరు. నన్ను చూడకుండానే పంపించేస్తా ఉండారనిపించింది. ఇంకోసారి తీయండమ్మా, నేను కదలను అని బతిమాలినాను. ఆ అమ్మాయి నవ్వి నా భుజం తట్టి పంపేసింది. పెన్నా వారధి మీద బస్సులో వస్తా ఉంటే అక్క శనక్కాయలు కొనిచ్చింది. పొట్లం విప్పకుండానే ఇంటికి తెచ్చినాను.

రిపోర్టు రోజు అక్కా నేనూ డాక్టరు గదిలోకి పోయినాం. మా ఆయన ఎప్పటి మాదిరే వరండాలో. నా మనసులో ఒకటే ఉంది. డాక్టరు బాగుందమ్మా అంటే నమ్మకూడదు. ఎన్ని కొలతలు వదిలేసినారు, ఎక్కడెక్కడ పూరించినారు, ఎంత నున్నగా చేసినారు, అన్నీ అడగాల. అడగాల్సిన మాటలన్నీ దారి పొడుగునా అక్కకు అప్పజెప్తా వచ్చినాను.

డాక్టరు కంప్యూటర్ తెర నా వైపు తిప్పినాడు. ఇప్పుడు నీడ రెండుగా లేదు. ఒకటే ఉంది. గుండ్రంగా, చుట్టూ సన్నటి గీతతో, చేత్తో పట్టుకోవచ్చు అన్నంత తేటగా ఉంది.

"మందు ఎక్కించగానే మిగతా కాలేయం కన్నా ముందు ఇది వెలిగింది చూడండి. కాసేపటికే అన్నిటికన్నా ముందు నల్లబడింది. చుట్టూ ఈ అంచు ఉంది కదా. రక్తనాళాల ముద్ద ఇలా చేయదమ్మా" అన్నాడు.

చేయదమ్మా అన్న మాట దగ్గర ఆగిపోయినాను. తర్వాత ఆయన ఇంకా ఏందో చెప్తా ఉండాడు. నా నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"అది నాది కాదు సార్" అన్నాను. "అది కొలిచింది కాదు. ఆ మిషన్ తక్కువ కొలుస్తాది, మిగతాది దాని ఇష్టమొచ్చినట్టు పూరిస్తాది. ఆ గీత అదే గీసుకుంది. మీరు ఆ అబ్బాయిని అడగండి, అతనే చెప్పినాడు."

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. డాక్టరు విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నేను తిరిగి అరిచి ఉంటాను, కొంచెం తెరిపిగా ఉండేది. ఆయన మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పినాడు. "పూరించేటప్పుడు ఉన్నది నున్నగా అయితే అవ్వొచ్చమ్మా, లేనిది మాత్రం ఇలా వెలగదు. వేరువేరుగా తీసిన ఫోటోలన్నిటిలో అదే చోట ఉంది. ఇది కొలతల్లోనే ఉంది. మీలోనే ఉంది." ఒకే చోట ఉంది కాబట్టి కోసి తీసెయ్యొచ్చన్నాడు. ఆలస్యం చేయకూడదన్నాడు. పెద్ద ఆస్పత్రి పేరేదో అక్కకు చెప్పినాడు.

ఇన్నాళ్ళూ ఆ మిషన్ నా రోగాన్ని నున్నగా కప్పేస్తాదేమోనని నిద్ర లేకుండా భయపడినదాన్ని. ఆ కుర్చీలో కూర్చొని, కప్పేసి ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. బాగుందని ఒక అబద్ధపు ఫోటో వచ్చి ఉంటే ఈ పూట ఇంటికి పోయి అన్నం తినేదాన్ని గదా అని.

తలుపు తీసుకొని బయటికి వస్తే మా ఆయన లేచి నిలబడినాడు. చేతిలో నీళ్ళ బాటిల్ నొక్కి నొక్కి సొట్టలు పెట్టి ఉండాడు. "ఏమన్నాడు?" అన్నాడు. అక్క నా మొహం చూసింది. చెప్పాలని నోరు తెరిచినాను.

"ఈసారి ఫోటో బాగా పడింది" అన్నాను.

"హమ్మయ్య" అని ఆయన కూర్చున్నాడు. బాటిల్ మూత తీసి, నాకే ముందు ఇచ్చినాడు.